గాజు తొట్టిలో పచ్చని నీరు: ఇంటి అక్వేరియంలో ఫాస్ఫేటు లెక్క

పశ్చిమ కనుమల పాదాన, తెన్‌కాశి పోయే దారిలో ఉన్న రాజపాళయం పేరు వినగానే తెలుగువారికి మొదట జ్ఞప్తికి వచ్చేది అక్కడి తెల్లని వేటకుక్క. 2005లో భారత తపాలా శాఖ ఆ జాతి పేర తపాలా బిళ్ళను వెలువరించింది. నూలు మిల్లులు, మామిడి తోటలు, కొబ్బరి తోటలు, 1949 నుండి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ప్రభుత్వానికి నాయకత్వం వహించిన పి.ఎస్. కుమారస్వామి రాజా గారి జ్ఞాపకం, ఇవన్నీ ఆ తరువాతి వరుసలో వస్తాయి. కొన్ని శతాబ్దాల క్రితం ఆంధ్ర దేశం నుండి వచ్చి స్థిరపడిన రాజుల ఇళ్ళలో తెలుగు నేటికీ ఇంటి భాషగానే ఉన్నది. కుక్కను పెంచడం తెలిసిన ఇంట్లో చేపల తొట్టి కూడా కనబడడం ఇప్పుడు వింత కాదు. పిల్లల ముచ్చట కోసం మదురై నుండో, చెన్నై కొళత్తూరు నుండో వచ్చిన గప్పీలు, మాలీలు, బంగారు చేపలు ముందుగదిలో ఈదుతూ ఉంటాయి.

కుక్కకు జబ్బు చేస్తే అది ఆహారం మానుతుంది, మూలుగుతుంది, యజమాని గ్రహిస్తాడు. తొట్టికి జబ్బు చేస్తే ముందు కనబడేది రంగు. పెట్టిన రెండు మూడు నెలలకు అద్దాల మీద పచ్చని పొర పడుతుంది. తరువాత రాళ్ళ మీద వెంట్రుకల వంటి నాచు పెరుగుతుంది. కొన్ని ఇళ్ళలో నీరు మొత్తం పచ్చిబఠాణీల కషాయం వలె మారి, లోపల చేప ఉన్నదో లేదో తెలియని స్థితి వస్తుంది. తమిళంలో దీనిని పాసి అంటారు, తెలుగులో పాచి. రెండు భాషల వారికీ ఆ మాట అర్థమైనట్టే ఆ చికాకూ అర్థమవుతుంది.

అప్పుడు చాలా కుటుంబాలు చేసే పని ఒకటే. ఆదివారం ఉదయం చేపలను బకెట్‌లోకి తీసి, తొట్టి నీరంతా పారబోసి, రాళ్ళను సబ్బుపొడితో తోమి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద తెల్లబడేదాకా పిండి, కొత్త నీరు నింపి చేపలను తిరిగి వదలుతారు. తొట్టి స్ఫటికం వలె మెరుస్తుంది. మంగళవారానికో బుధవారానికో చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తాయి, ఒక్కొక్కటిగా తేలుతాయి. పిల్లలు ఏడుస్తారు. పాచి వల్లనే చేపలు చచ్చాయని పెద్దలు నిర్ణయిస్తారు.

నిజానికి ఆ చేపలను చంపినది పాచి కాదు, ఆ ఆదివారపు శుభ్రత. స్పాంజిలోనూ రాళ్ళ మీదా కాపురమున్న సూక్ష్మజీవులు చేపల మలమూత్రాల నుండి వచ్చే అమ్మోనియాను ముందు నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మార్చి దాని విషాన్ని తగ్గిస్తూ ఉంటాయి. కుళాయి నీటిలోని క్లోరిన్, సబ్బుపొడి కలిసి వాటిని ఒక్కపూటలో నశింపజేస్తే అమ్మోనియా మిగిలిపోతుంది. మూడు నాలుగు రోజులలో చేప మొప్పలు దెబ్బతినడానికి అది చాలు. పాచి ఎందుకు పెరిగిందో తెలిసి ఉంటే ఆ కుటుంబం ఇంత దూరం పోయేది కాదు. ఆ కారణాలలో ముఖ్యమైనది ఫాస్ఫేటు.

భాస్వరం కథ కొంచెం

భాస్వరం అంటే ప్రకాశించేది. 1669లో హాంబర్గ్ నగరంలో హెన్నిగ్ బ్రాండ్ అనే రసవాది బంగారం చేయాలనే ఆశతో మూత్రాన్ని మరిగించి మరిగించి, చివరకు చీకటిలో వెలిగే ఒక పదార్థాన్ని సంపాదించాడు. బంగారం రాలేదు, భాస్వరం దొరికింది. ఎముక గట్టిదనానికి, ప్రతి కణంలో శక్తి మార్పిడికి, తరతరాల వారసత్వాన్ని మోసే అణువుల నిర్మాణానికి భాస్వరం కావలెను. ప్రకృతిలో అది ఒంటరిగా ఉండదు. ఆక్సిజన్‌తో కలిసి ఫాస్ఫేటు రూపంలో ఉంటుంది. రైతు పొలంలో చల్లే సూపర్ ఫాస్ఫేటులోనూ, చేప ఎముకలోనూ, మనిషి మూత్రంలోనూ ఉన్నది అదే.

కొల్లేరు ప్రాంతంలో, కైకలూరు, భీమవరం వైపున చేపల చెరువుల రైతులు డబ్బు పెట్టి సూపర్ ఫాస్ఫేటు కొని చెరువులో వేస్తారు. వారికి నీరు పచ్చబడవలెను. ఆ పచ్చదనం కంటికి ఆనని నాచు; దానిని సూక్ష్మ జంతువులు తింటాయి; ఈ రెంటినీ తిని బొచ్చె, శీలావతి బరువెక్కుతాయి. అక్కడ ఫాస్ఫేటు చేపగా మారి లారీ ఎక్కి పోతుంది. ముందుగదిలోని గాజు తొట్టిలో ఈ గొలుసు తెగి ఉన్నది. చేపకు మేత బయటి నుండి వస్తుంది, నాచును తినేవారు లేరు, తొట్టి నుండి లారీ ఎక్కి పోయేదీ ఏమీ లేదు. వచ్చిన ఫాస్ఫేటు వచ్చినట్టే పేరుకుంటుంది. చెరువు రైతు కొనుక్కునే వస్తువును తొట్టి యజమాని వదిలించుకోలేక బాధపడడం వెనుక ఉన్న తేడా ఇంతే.

నాచుకు ఫాస్ఫేటు ఒక్కటే చాలునా అనే ప్రశ్నకు కెనడాలో ఒక సరస్సే సమాధానం చెప్పింది. ఒంటారియోలో 226 సంఖ్య గల సరస్సును 1973లో శాస్త్రజ్ఞులు ఒక తెరతో రెండు భాగాలు చేశారు. ఒక వైపు కర్బనం, నత్రజని వేశారు. రెండవ వైపు ఆ రెంటితో పాటు భాస్వరం కూడా వేశారు. భాస్వరం పడిన వైపు ఆ యేడే నాచుతో పచ్చబడింది, రెండవ వైపు తేటగా ఉండిపోయింది. డేవిడ్ షిండ్లర్ 1974లో దీనిని ప్రచురించిన తరువాత సబ్బుపొడులలో ఫాస్ఫేటును తగ్గించవలెనన్న వాదానికి పలు దేశాలలో గొప్ప బలం చేకూరింది. విమానం నుండి తీసిన ఆ సరస్సు ఛాయాచిత్రం, సగం పచ్చగా సగం నల్లగా, నేటికీ పాఠ్యపుస్తకాలలో కనబడుతుంది.

తొట్టిలోకి ఎక్కడి నుండి వస్తుంది?

మేత నుండి. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగిలినవి కొంత మరచినా నష్టం లేదు. దుకాణంలో దొరికే గుళికలలోనూ రేకులలోనూ చేపపొడి ఉంటుంది, చేపపొడిలో ఎముక ఉంటుంది, ఎముకలో భాస్వరం ఉంటుంది. పొడి మేత బరువులో సుమారు నూటికి ఒక వంతు, కొన్నిటిలో అంతకంటె ఎక్కువ, భాస్వరమే. చేప తిన్నదానిలో కొంత దాని శరీరంలో నిలుస్తుంది, ముఖ్యంగా ఎదిగే వయసులో. పెరుగుదల ఆగిన చేప తీసుకున్నదానిని దాదాపు అంతా తిరిగి నీటిలోకే వదలుతుంది. తినకుండా అడుగుకు చేరిన గుళిక అయితే పూర్తిగా నీటి వంతే.

లెక్క వేస్తే విషయం స్పష్టమవుతుంది. రెండు అడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు ఎత్తు గల తొట్టి ఘనపరిమాణం సుమారు 56 లీటర్లు. రాళ్ళు, పైన వదిలిన ఖాళీ పోగా నీరు 50 లీటర్లు అనుకొనవచ్చును. ఇంట్లో రోజుకు అర గ్రాము మేత వేస్తున్నారనుకుందాం. ఎంత వేస్తున్నదీ తెలియకపోతే ఒక ఉపాయం ఉన్నది: పది గ్రాముల పొట్లం ఇరవై రోజులు వస్తే రోజుకు అర గ్రాము. అర గ్రాములో భాస్వరం 5 మిల్లీగ్రాములు. ఒక వంతు భాస్వరం ఫాస్ఫేటుగా లెక్కిస్తే మూడు వంతులు అవుతుంది గనుక ఇది సుమారు 15 మిల్లీగ్రాముల ఫాస్ఫేటు. 50 లీటర్ల నీటిలో పంచితే రోజుకు లీటరుకు 0.3 మిల్లీగ్రాములు. వారానికి 2.1.

ఇప్పుడు వారానికొకసారి నాలుగవ వంతు నీరు మారుస్తున్నారనుకుందాం. మంచి అలవాటే. కాని వారం వారం 2.1 చేరుతూ, ఉన్నదానిలో నాలుగవ వంతే పోతూ ఉంటే అది ఎక్కడ ఆగుతుంది? పోయేది వచ్చేదానికి సమానమైన చోట. 2.1 అనేది నాలుగవ వంతు కావలెనంటే మొత్తం 8.4 ఉండవలెను. అంటే నెలలు గడిచే కొద్దీ ఆ తొట్టి లీటరుకు 8 మిల్లీగ్రాముల వైపు ఎక్కుతూ పోతుంది. నీరు మార్చే కుటుంబం ఏ తప్పూ చేయలేదు, అయినా పాచి పెరుగుతుంది. చేప శరీరంలో నిలిచినదీ మొక్కలు తీసుకున్నదీ ఈ లెక్కలో వేయలేదు. అవి వేస్తే అంకె తగ్గుతుంది, దారి మాత్రం అదే.

మార్చే నీటిని నాలుగవ వంతు నుండి సగానికి పెంచితే ఆగే చోటు 4.2. నీటిని అట్లే ఉంచి మేతను సగం చేస్తే? అప్పుడూ 4.2 మాత్రమే. బకెట్లు రెట్టింపు మోయడమూ, చిటికెడు మేత తగ్గించడమూ ఒకే ఫలితం ఇస్తున్నవి. రెండూ చేస్తే 2.1. ఇంట్లో నడుము నొప్పి గల పెద్దవారు ఉంటే ఏది ముందు చేయవలెనో చెప్పనక్కరలేదు.

మేతను సగం చేయమంటే పిల్లలు చేపలకు ఆకలి అని బెంగ పెట్టుకుంటారు. చేప శీతరక్త జీవి. శరీరాన్ని వెచ్చగా ఉంచుకొనడానికి మనిషి వలె ఆహారం ఖర్చు చేయదు. రోజుకు ఒకసారి, ఒకటి రెండు నిమిషాలలో ఒక్క గుళిక మిగలకుండా తినగలిగినంత వేస్తే చాలు. ఎదిగిన చేపలకు వారంలో ఒకరోజు ఉపవాసం హాని చేయదు. అద్దం దగ్గరకు మనిషి రాగానే చేపలు ఎగబడడం ఆకలికి గుర్తు కాదు, అది అలవాటు. ఇంటికి వచ్చిన ప్రతి బంధువూ ఒక చిటికెడు వేసి ముచ్చటపడే ఇళ్ళలో, ఆ రోజు మేతను ఉదయమే కొలిచి చిన్న సీసాలో పెట్టి, సీసా ఖాళీ అయితే ఆ రోజుకు ముగిసినట్టే అనే నియమం పెట్టుకొనవచ్చును. పండుగ రోజులలో ఈ సీసా చేసే మేలు ఇంతంత కాదు.

మేత తరువాత రెండవ దారి నీరు. రాజపాళయానికి తాగునీరు ఇచ్చే వనరులలో కొండ పాదాన ఉన్న ఆరవ మైలు జలాశయం ఒకటి. కుళాయి నీరు, ఇంటి బోరు నీరు, లారీ నీరు, ఈ మూటిలో ఫాస్ఫేటు ఒకే విధంగా ఉండదు. పొలాల నడుమ, పశువుల కొట్టాల పక్కన ఉన్న నిస్సారమైన బావిలో ఎరువు, పేడ ఊట చేరి ఎక్కువ ఉండే అవకాశం ఉన్నది. తాగడానికి పనికివచ్చే నీటిలో ఫాస్ఫేటు ఉండదని భావించరాదు. భారత తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 ఫాస్ఫేటుకు హద్దు పెట్టలేదు, ఆ మోతాదులో అది మనిషికి హాని చేసేది కాదు గనుక. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ పాత సీసపు గొట్టాల నుండి సీసం కరగకుండా నీటి సరఫరా సంస్థలే కావాలని ఫాస్ఫేటు కలుపుతారు. అక్కడి అక్వేరియం వారు ఆ నీటితోనే తంటాలు పడుతుంటారు.

మార్చే నీటిలోనే లీటరుకు 1 మిల్లీగ్రాము ఉంటే ఎన్ని బకెట్లు మార్చినా తొట్టి ఆ 1 కంటె కిందికి దిగదు. 4 ఉన్న తొట్టిలో నాలుగవ వంతు తేటనీరు మారిస్తే 3కు, మరల మారిస్తే 2.25కు దిగుతుంది. అదే 1 ఉన్న నీటితో మారిస్తే 3.25, తరువాత 2.69. అందువల్ల తొట్టి నీటిని పరీక్షించే ముందు బకెట్ నీటిని పరీక్షించవలెను. చాలామంది ఈ క్రమాన్ని తలకిందులు చేస్తారు.

మూడవ దారి అడుగున ఉన్న రాళ్ళ పొర. ఇనుము గల మట్టి, గాలి తగిలినంత కాలం ఫాస్ఫేటును పట్టి ఉంచుతుంది. మలినం పేరుకొని ఆక్సిజన్ అందని స్థితి వస్తే ఇనుము రూపం మారి, పట్టినదానిని వదిలివేస్తుంది. మేత తగ్గించి, నీరు మార్చిన తరువాత కూడా కొన్ని వారాలు అంకె దిగకపోవడానికి ఇది ఒక కారణం. ఓపిక పట్టవలెను.

కొలవడం

చుక్కల మందుతో ఉండే పరీక్ష పెట్టెలు అక్వేరియం దుకాణాలలో దొరుకుతాయి. సూత్రం ఒకటే: ఫాస్ఫేటు మాలిబ్డినం లవణంతో కలిసి నీలిరంగును ఇస్తుంది. 1962లో మర్ఫీ, రైలీ అనే ఇద్దరు స్థిరపరచిన పద్ధతికి ఇవి చిన్నతమ్ములు. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేటు అంత ఎక్కువ. చెప్పిన నిమిషాలు ఆగి, పగటి వెలుతురులో, వెనుక తెల్లకాగితం పెట్టి చూడవలెను. ట్యూబ్‌లైటు కింద చూసిన రంగు మోసం చేస్తుంది. గాజు గొట్టాన్ని సబ్బుతో కడిగితే, ఆ సబ్బులో ఫాస్ఫేటు ఉంటే, గొట్టమే అంకెను పెంచుతుంది. పరీక్షించబోయే నీటితోనే రెండు మూడుసార్లు తొలిచిన గొట్టం మేలు.

ఇంకొక చిక్కు ఉన్నది. కొన్ని పెట్టెలు ఫాస్ఫేటు మొత్తాన్ని చూపుతాయి, కొన్ని అందులోని భాస్వరాన్ని మాత్రమే చూపుతాయి. రెండవ రకంలో 1 అంటే మొదటి రకంలో సుమారు 3. ఇద్దరు మిత్రులు తమ తొట్టి అంకెలను పోల్చుకొని ఒకరు గర్వపడి, ఒకరు చిన్నబోయే ముందు పెట్టె మీద ఉన్న చిన్న అక్షరాలు చదువుకోవలెను.

పెట్టె చూపేది నీటిలో కరిగి ఉన్నది మాత్రమే. నాచు శరీరంలో ఇమిడి ఉన్నది అందులో రాదు. నీరు చిక్కగా పచ్చగా ఉండి, పరీక్షలో అంకె సున్నా దగ్గర కనబడితే ఆశ్చర్యపడనక్కరలేదు. నాచు దానిని అప్పటికే మింగి కూర్చున్నది.

ఎంత ఉండవచ్చును? మొక్కలు బాగా ఉన్న మంచినీటి తొట్టిలో లీటరుకు 0.5 నుండి 2 మిల్లీగ్రాముల ఫాస్ఫేటు ఉండడం సాధారణం, కొందరు కావాలని అంత ఉంచుతారు. ఇళ్ళలో కనబడే మోతాదులలో ఫాస్ఫేటు చేపకు నేరుగా విషం కాదు. దానిని సున్నా చేయవలెనని పట్టుబట్టడం వ్యర్థం, మొక్కలకు హాని కూడా.

ఈ విషయంలో అక్వేరియం లోకంలో ఒక పెద్ద తగువు నడిచింది. 1990లలో కెనడాకు చెందిన పాల్ సియర్స్, కెవిన్ కాన్లిన్ అనే ఇద్దరు ఫాస్ఫేటును అణచి ఉంచి మిగిలిన పోషకాలను ఇస్తే మొక్కలు గెలుస్తాయి, నాచు ఓడుతుంది అని ప్రతిపాదించారు. తరువాత అమెరికాలో టామ్ బార్ వంటివారు మొక్కలు నిండుగా ఉన్న తొట్టిలో ఫాస్ఫేటు కలిపి చూసి, నాచు రాలేదని ఎదురు వాదించారు. రెండు పక్షాలకూ తమ తమ తొట్లు సాక్ష్యం. సామాన్య గృహస్థుకు ఇందులో తేలేది ఇది: వెలుగు ఎక్కువై, మొక్కలు తక్కువైన తొట్టిలో ఫాస్ఫేటు నాచుకు విందు; మొక్కలు దట్టంగా ఎదుగుతున్న తొట్టిలో అదే ఫాస్ఫేటు మొక్కలకు ఆహారం. రాజపాళయం ఇళ్ళలోని తొట్లలో చాలావరకు ప్లాస్టిక్ మొక్కలు ఉంటాయి. ప్లాస్టిక్ మొక్క ఏమీ తినదు.

ఏమి చేయవలెను

మేత గురించి చెప్పడమైనది. దాని తరువాత వెలుగు. కిటికీ ఎదుట, ఎండ నేరుగా పడే చోట తొట్టి పెట్టడం దక్షిణాది ఇళ్ళలో పెద్ద పొరపాటు. అక్కడి నుండి జరపడం ఒక్కటే సగం రోగాన్ని తగ్గిస్తుంది. దీపం రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు చాలు. రాత్రి నిద్రపోయేదాకా అందం కోసం వెలిగించి ఉంచరాదు.

నీరు మార్చేటప్పుడు వారానికి నాలుగవ వంతు, రబ్బరు గొట్టంతో అడుగు రాళ్ళను కదిపి మలినాన్ని పీలుస్తూ తీయవలెను. పైనుండి చెంబుతో ముంచి తీస్తే నీరు మారుతుంది గాని మలినం మారదు. కొత్త నీరు కుళాయిదైతే ఒక పగలు వెడల్పైన పాత్రలో ఉంచినా, హైపో అనబడే సోడియం థయోసల్ఫేటు వేసినా క్లోరిన్ పోతుంది. ఫిల్టర్ స్పాంజిని ఎప్పుడూ తొట్టి నుండి తీసిన నీటిలోనే ముంచి పిండవలెను. అది కొంచెం మురికిగానే ఉండనిండు. స్పాంజి తళతళలాడడం గృహిణికి సంతోషం, చేపకు ఆపద.

2003లో తమిళనాడు ప్రభుత్వం భవనాలకు వాననీటి సేకరణను తప్పనిసరి చేసింది. ఈశాన్య ఋతుపవనం కురిసే అక్టోబరు నుండి డిసెంబరు వరకు మిద్దె మీది వాననీరు ఫాస్ఫేటు దాదాపు లేని నీరు. తొట్టిని పలుచబరచడానికి ఇంతకంటె చవకైన ఉపాయం లేదు. కాని మొదటి జల్లు నీరు పనికిరాదు: మిద్దె మీది పావురాల రెట్టలు, ఎండిన ఆకులు, దుమ్ము అన్నీ అందులో దిగుతాయి, పావురం రెట్టలో ఫాస్ఫేటు మెండు. రెండు మూడు మంచి వానలు కడిగిన తరువాత పట్టవలెను. అట్లే వాననీటిని ఒంటరిగా వాడరాదు. అందులో సున్నపు లవణాలు లేవు. గప్పీలకూ మాలీలకూ కొంత కఠినజలం ఇష్టం. బోరు నీటితో సగం సగం కలిపి, కొద్దికొద్దిగా మార్చడం క్షేమం.

మొక్కలు పెట్టడం అన్నిటికంటె ఆనందమైన ఉపాయం. హార్న్‌వర్ట్, హైడ్రిల్లా వంటివి వేళ్ళు పాతకుండానే పెరుగుతాయి. ఇంటి గుమ్మంలో ఉన్న మనీప్లాంట్ కొమ్మను వేళ్ళు మాత్రం నీటిలో మునిగి, ఆకులు పైన ఉండేటట్టు తొట్టి అంచుకు కట్టినా అది ఫాస్ఫేటును పీల్చుకుంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. మొక్క పీల్చుకున్న ఫాస్ఫేటు మొక్కను కత్తిరించి బయట పారవేసినప్పుడే తొట్టి నుండి పోయినట్టు. లోపలే కుళ్ళనిస్తే తిరిగి నీటిలోకే చేరుతుంది. నాచుకూ ఇదే న్యాయం. అద్దం మీది పాచిని గీకి నీటిలో వదిలితే ఏమీ పోలేదు. గీకినది గొట్టంతో పీల్చి తీస్తే కొంత పోయింది. నత్తలు, పాచి తినే చేపలు అద్దాన్ని శుభ్రం చేస్తాయి గాని తిన్నది మలంగా అక్కడే వదలుతాయి, ఫాస్ఫేటు లెక్కలో వాటి సేవ శూన్యం. చెరువు నుండి తెచ్చిన మొక్కలను వారం రోజులు వేరే బకెట్‌లో ఉంచి, నీరు మార్చి మార్చి చూసి అప్పుడు వేయవలెను. తూనీగ పిల్లపురుగు ఒకటి వాటితో వచ్చిందా, చిన్న చేపపిల్లలు మిగలవు.

నీరు పూర్తిగా పచ్చబడితే కొందరు మూడు రోజులు తొట్టికి దుప్పటి కప్పి చీకటి చేస్తారు. నాచు చస్తుంది, నిజమే. చచ్చిన నాచు కుళ్ళి తన ఫాస్ఫేటును తిరిగి ఇస్తుంది, కుళ్ళే పనిలో ఆక్సిజన్‌ను కూడా తింటుంది. అందువల్ల ఆ మూడు రోజులూ గాలి పంపు ఆపరాదు, తరువాత వెంటనే నీరు మార్చవలెను. పచ్చని నీటికి ఇంకొక గుణం ఉన్నది: పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తీసుకుంటుంది. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి గాలి మింగుతూ కనబడితే, ముఖ్యంగా రాత్రి కరెంటు పోయిన రోజున, కారణం ఇదే అయి ఉండవచ్చును. చేపల చెరువుల కాపలాదారులకు ఈ తెల్లవారుజాము భయం బాగా తెలుసు.

మందుల విషయం చివర చెప్పడానికి కారణం అవి చివర వాడవలసినవి కావడమే. ఇనుప ఆక్సైడు గుళికలు ఫిల్టర్‌లో పెడితే ఫాస్ఫేటును తమ మీద అతికించుకుంటాయి. ముందుగా కడిగి, చెప్పిన మోతాదులో సగంతో మొదలుపెట్టి, నిండిన తరువాత తీసివేయవలెను. మేత తగ్గించకుండా ఇవి పెట్టడం చిల్లుకుండలో నీరు పోయడమే. ఇంట్లో ఉన్న పటికను వేస్తే సరిపోదా అని పల్లెలలో అడుగుతారు. పటికలోని అల్యూమినియం ఫాస్ఫేటును పట్టుకొని అడుగుకు దిగే మాట నిజం. మురుగునీటి శుద్ధి కేంద్రాలలో దానిని వాడతారు. అయితే పటిక నీటిలోని క్షారగుణాన్ని తిని ఆమ్లత్వాన్ని పెంచుతుంది. 50 లీటర్ల తొట్టిలో ఆ మార్పు చేపకు తట్టుకోలేనిది కావచ్చును, ఆమ్లజలంలో అల్యూమినియం మొప్పలకు విషం కూడా. బిందెలోని తాగునీటిలో పటిక తిప్పిన చేయి తొట్టి దగ్గర ఆగవలెను.

వారానికొకసారి అంకెను ఒక నోటుపుస్తకంలో రాసే పని పిల్లలకు అప్పగించవచ్చును: తేదీ, బకెట్ నీటి అంకె, తొట్టి నీటి అంకె, వేసిన మేత, మార్చిన నీరు. ఆరు వారాల వరుస చూస్తే ఏ పని ఫలించిందో వారే చెప్పగలరు. మేత పొట్లం ఎన్ని రోజులు వచ్చిందో ఆ లెక్కను కూడా అందులోనే వేస్తే మంచిది.

తీసిన నీరు ఎక్కడికి?

తొట్టి నుండి తీసిన నీరు మురికి నీరు కాదు. నైట్రేటు, ఫాస్ఫేటు గల పలుచని ఎరువు అది. మల్లె తీగకు, కరివేపాకుకు, కొబ్బరి మొక్కకు పోస్తే రైతు కొనే రెండు పోషకాలు ఉచితంగా అందినట్టే. ఉప్పు వేసి చేపలకు వైద్యం చేసిన వారం మాత్రం ఆ నీటిని మొక్కలకు పోయరాదు. కత్తిరించిన నాచుమొక్కలను చెట్టు మొదట వేయవచ్చును.

మురుగుకాలువలో పోసినది మాత్రం ఊరి కణ్మాయికి చేరుతుంది. రామనాథపురం, విరుదునగర్ సీమలో చెరువును కణ్మాయి అంటారు. ఒక తొట్టి నీరు చెరువును పచ్చబరచదు, నిజమే. సబ్బుపొడి నీరు, పొలాల ఎరువు, మరుగుదొడ్ల ఊట కలిసి అక్కడ చేస్తున్నది ముందుగదిలోని తొట్టిలో జరిగినదే, పెద్ద ఎత్తున. గుర్రపుడెక్క, తమిళంలో ఆగాయత్తామరై, నీటి మీద కంబళి పరచడం ఆ పోషకాల బలంతోనే. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో నాచు, బెంగళూరు బెళ్ళందూరు చెరువులో రోడ్డు మీదికి ఎగిసిన నురుగు పత్రికలలో చూసినవారికి ఇది కొత్త కాదు.

నీటి కంటె పెద్ద ప్రమాదం తొట్టిలోని ప్రాణులను చెరువులో వదలడం. పాచి తింటుందని కొన్న సక్కర్ క్యాట్‌ఫిష్ తొట్టిలో పట్టనంత పెరిగితే జాలిపడి చెరువులో వదిలేవారు ఉన్నారు. దక్షిణ అమెరికాకు చెందిన ఈ గట్టి పొలుసుల చేప తమిళనాడు, కేరళ, తెలుగు రాష్ట్రాల జలాశయాలలో ఇప్పటికే స్థిరపడి, వలలు చింపుతూ, స్థానిక చేపల చోటును ఆక్రమిస్తున్నది. కనుమల నుండి దిగే నదులకు తమవైన చేపలు ఉన్నవి. తామ్రపర్ణి నది పేరనే పిలువబడే బార్బ్ చేప ఒకటి ఆ నదీ పరివాహకంలో తప్ప ప్రకృతిలో మరెక్కడా లేదు. పెరిగిపోయిన చేపను కొన్న దుకాణంవారే తిరిగి తీసుకోవడం కొన్నిచోట్ల ఉన్నది, అడిగి చూడవలెను. వారు కాదంటే పెద్ద తొట్టి గల ఇంటిని వెదకవలెను. అందుచేత కొనేముందే అది ఎంత పొడవు పెరుగుతుందో అడగడం మంచిది: సక్కర్ చేప దుకాణంలో రెండంగుళాలే ఉంటుంది, పూర్తిగా ఎదిగితే అడుగు దాటుతుంది.